ఊడని కుట్టు

మా తోడల్లుడు దర్జీ. ఆయన కుట్టిన లాగూ వేసుకుని నేనోసారి మేడ మీంచి జారి, కిటికీ కొక్కేనికి తగులుకుని పూటంతా గబ్బిలంలా వేలాడాను. కుట్టు ఊడలేదు. నమ్మకపోతే మీ ఇష్టం.

ఒకనాడు ఆయన దుకాణానికి, జనం మరిచిపోతున్న సినిమా నటి ఒకావిడ తాలూకు మేనేజరు పట్టు గుడ్డ తెచ్చాడు.

"గౌను కుట్టాలి మాస్టారూ. నడుం పక్కన చేత్తో కచ్చా కుట్టు వేసి వదిలెయ్. వేదిక మీద దానంతటదే ఊడిపోవాలి."

"పరువు పోదూ?"

"పోతేనేగా జనం తిట్టేది! తిడితేనే మళ్లీ పేరు."

ఒప్పుకున్నాడు. కానీ కచ్చా కుట్టు మీద మిషను నడిపి, చివర మూడుసార్లు బిగించడం ముప్పై ఏళ్ల అలవాటు. చేతులు మాట వినలేదు. గౌను వెళ్లిపోయాక గాని గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం ఇద్దరం టీవీ ముందు కూర్చున్నాం. ఆవిడ వేదికెక్కి, నడుం దగ్గర చెయ్యి పెట్టి లాగింది. ఊడలేదు. నవ్వుతూనే మళ్లీ లాగింది. మూడోసారికి పక్కనున్న గుడ్డే పరపరా చిరిగింది.

"చూశావా అన్నయ్యా, కుట్టు ఆగింది!" అని గంతేశాడు పిచ్చి మారాజు.

మర్నాడు ఊరంతా ఆవిణ్ణి దుమ్మెత్తి పోసింది. మూడోనాడు ఆవిడ కెమెరా ముందు కళ్లొత్తుకుని, "నా తప్పేముంది? ఆ దర్జీ కుట్టు ఊడింది" అని దుకాణం పేరుతో సహా చెప్పింది. తిట్లన్నీ ఇటు మళ్లాయి. ఆవిడకి రెండు సినిమాలు వచ్చాయి. మావాడి తలుపుకి తారు పూశారు.

పేపర్లో ఫొటో కత్తిరించి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. "గుడ్డ చిరిగిందమ్మా, కుట్టు కాదు. ఈ అంచు చూడండి." వాళ్లు చూడలేదు. ఇచ్చిన గుడ్డలు కుట్టకుండానే పట్టుకుపోయారు.

"ఎవత్తె పరువో పోవడానికి మన పరువు అరువిచ్చారు" అంది మా మరదలు.

ఆర్నెల్లకు మేనేజరు మళ్లీ వచ్చాడు. "ఇంకో గౌను మాస్టారూ. ఇదీ ఊడాలి. నీ కుట్టంటే జనం ఇట్టే నమ్ముతారు."

ఆయన గుడ్డ అందుకున్నాడు. నడుం పక్కన కచ్చా కుట్టు వేశాడు. మిషను వైపు చూడనైనా చూడలేదు.

పోయిన నెల ఆయన కుట్టిన కొత్త లాగూ కుట్టు నడిరోడ్డు మీద ఊడింది. పిన్ను పెట్టుకు తిరుగుతున్నాను. ఆయనతో చెప్పలేదు.