తూటాలో దూరిన పేపరు

చిటికెన వేలి గోరంత సీసం ముక్క పట్టుకుని, ఊరి రైతులందరి ముందూ ఉపన్యాసం దంచి, ఆ ఊళ్ళో మళ్ళీ తలెత్తుకు తిరగలేకుండా చేసుకున్న ఒక ఘనుణ్ణి మీకు పరిచయం చేస్తాను. నేనే. అప్పటికి నా ఫిజిక్స్ ఎమ్మెస్సీ పూర్తయి మూడు నెలలు. నాకు తెలియనిదేదైనా ఉంటే దాన్నింకా ఎవరూ కనిపెట్టి ఉండరని నమ్మే వయసు.

మా అప్పలనాయుడు మావది బొబ్బిలి దగ్గర కొండకింద ఊరు. ఊరంతా మొక్కజొన్న. అడవిపందులు పెళ్ళిభోజనానికి పిలిచినట్టు గుంపులుగా దిగి చేలకు చేలే మేసిపోయేవి. మావకి లైసెన్సు తుపాకీ ఉంది. పందుల్ని కొట్టడానికి ఆ ఏడు అటవీశాఖ అనుమతి కూడా వచ్చింది. మొదటి పందిని ఆయన చాలా దూరం నుంచి కొట్టాడు. తూటా తగిలింది గానీ పంది పడలేదు. గాయంతో తుప్పల్లో దూరి, మర్నాడు కట్టెలకెళ్ళిన సింహాచలం అనే రైతు తొడ చీల్చేసింది.

ఆ బాధతో మావ నన్నడిగాడు. "ఒరే రమణా, సదువుకున్నోడివి కదా. దూరమైతే ఈ తూటా పన్జెయ్యదేటి?"

మావ వాడేది చుట్టూ రాగి తొడుగుండి, కొసన మాత్రం సీసం కనబడే మెత్తటి తూటా.

"లోపలికెళ్ళగానే దీని ముక్కు పుట్టగొడుగులాగ విచ్చుకోవాల మావా. అలగైతేనే జంతువు అక్కడే పడతాది. దూరం పెరిగితే వేగం తగ్గిపోతాది. తగ్గితే విచ్చుకుంటాదో లేదో..."

"ఏదో ఒకటి సెప్పరా!"

"పరీక్ష చేసి సెప్తాను."

నిజం చెప్పొద్దూ, ఆ ప్రశ్న నన్ను పట్టుకు వదల్లేదు. గాల్లో దూసుకెళ్ళే లోహం ఎంత అలిసిపోతే విచ్చుకోవడం మానేస్తుంది? అన్నం కలుపుతూ కూడా అదే ధ్యాస.

తడి పేపరు ఇంచుమించు మాంసంలాగే తూటాని ఆపుతుందని ఎక్కడో చదివాను. పెరట్లో సిమెంటు తొట్టెలో పాత పేపర్లు నానబెట్టి, కట్టకట్టి, పాడుబడ్డ క్వారీలో మట్టిగోడకి ఆనించాను. మావ మూడొందల గజాల అవతల బోర్లా పడుకుని పేల్చాడు.

"తగిలిందేట్రా?" అని అక్కణ్ణుంచే కేక.

కట్టని ముందువైపు నుంచి కదా విప్పాలి అని మీరంటారు. మీకున్న బుద్ధి నాకుంటే ఈ కథే ఉండేది కాదు. తూటా ఎంత లోతుకెళ్ళిందో చూడాలన్న ఆత్రంలో వెనకనుంచి చీల్చుకుంటూ వచ్చాను. నడుమకి వచ్చేసరికి వేలికి గట్టిగా ఏదో తగిలింది. సీసం!

"తగిలింది మావా!"

"నా గురి తప్పుతాదేటి?" అని మావ మీసం దువ్వుకుంటూ దగ్గరికొచ్చాడు. నా చేతిలోది ఏమిటని చూడను కూడా లేదు.

నేను చూశాను. ముక్కు విచ్చుకోలేదు. రాగి తొడుగు లేదు. పైగా ఈ కొస నుంచి ఆ కొసకి సన్నటి కన్నం. మామూలు మనిషైతే అక్కడాగి బుర్ర గోక్కునేవాడు. నేను ఎమ్మెస్సీ!

సాయంత్రం మావ వీధరుగు మీద రైతులంతా చేరారు.

"వేగం సాలక తొడుగు ఊడిపోయింది," అని మొదలెట్టాను. "మెత్తటి సీసం ముందుకెళ్ళలేక నిలబడిపోయింది. ఈ కన్నం సూసేరా? అంటే ఏటన్నమాట? తూటా పేపర్లో దూరలేదు. పేపరే తూటాలో దూరింది!"

చప్పట్లు పడ్డాయి. సింహాచలం కట్టు కట్టిన కాలు నిమురుకుంటూ, "మరెంత దగ్గర్నించి కొట్టాల బాబూ?" అన్నాడు.

"పంది ఊపిరి వినబడాల."

మావ మొహం పాలిపోయింది. టీ గ్లాసులతో వచ్చిన పైడితల్లి అత్త పళ్ళెం ఠపీమని కింద పెట్టింది.

"మా ఆయన్ని పంది నోటికాడ నిలబెడతన్న ఆ తూటా ఏదీ, ఇలగియ్యి."

అటూ ఇటూ తిప్పి చూసి, పైటకొంగు అంచు నుంచి ఒక దారప్పోగు లాగి ఆ కన్నంలోంచి ఎక్కించింది.

"ఒరే, ఇది వల అంచుకి బరువుకని కట్టే గుండురా! మీ మావ మొన్న విసురువల నువ్వు పేపర్లు నానెట్టిన తొట్టిలోనే జాడించేడు. ఒక గుండు తెగిపోనాదని సెరువుగట్టంతా ఎతికేడు. నీ పేపర్లలో ఉన్నాది."

మావ దిగ్గున లేచాడు. "కాదు, అది తూటాయే! నేకపోతే నా గురి తప్పినట్టే కదేటి?"

"అయితే పేపరుకి కన్నమేదీ?"

కట్ట తెచ్చి తిరగేశారు. ముందు పేజీలో టూత్‌పేస్టు ప్రకటన. అందులో అమ్మాయి నిండా పళ్ళతో నవ్వుతోంది. ఒక్క పన్నుకీ దెబ్బ లేదు. అరుగంతా గొల్లుమంది. సింహాచలమైతే నవ్వలేక, కాలు నొప్పికి ఏడవలేక మెలికలు తిరిగిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అత్తతో సహా మళ్ళీ క్వారీకెళ్ళాం. ఈసారి మావ కళ్ళజోడు పెట్టుకుని, తుపాకీని ఇసకమూట మీద ఆన్చాడు. మూడొందల గజాల నుంచి కొట్టిన తూటా మొగ్గలాగే ఉంది, కొస కాస్త నలిగిందంతే. వంద గజాల నుంచి కొట్టింది చక్కగా పుట్టగొడుగులా విచ్చుకుంది. రెండింటినీ అరచేతిలో పెట్టుకుని ఎంతసేపు చూశానో! వంద గజాలు దాటితే ఇక పేల్చనని మావ అక్కడే తేల్చేశాడు. ఆ సీజన్లో మరే పందీ గాయంతో తప్పించుకుపోలేదు.

అంతా బాగానే ఉంది. ఆ పొద్దున క్వారీలో నేనే ఊరుకోలేక, "ఇప్పుడు ఈ వేగం సంగతేటంటే..." అని మొదలెట్టబోయాను.

అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "తూటా ముక్కు విచ్చుకోడానికి వేగం కావాల గానీ, నీ నోరు విచ్చుకోడానికి అదేటీ అక్కర్నేదురా!"

ఆ క్వారీలోనే, ఆ మట్టిగోడ సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ముందు పేజీలో కన్నం ఉందో లేదో కళ్ళారా చూసుకోనిదే, ఈ జన్మలో ఇక ఏ సిద్ధాంతమూ ప్రకటించను.