నీలగిరి నూనె రాసిన పిల్లి

హుకుంపేట దగ్గర బడిలో పంతులమ్మగా చేరిన కొత్తలో నాకు సగం పిల్లి ఉండేది. మిగతా సగం పక్కింటి అప్పది. అప్ప అంటే అక్కే, ఊరంతా ఆవిడని అలాగే పిలిచేది. భర్త పోయాక కాఫీ తోట ఒక్కతే చూసుకునేది. ఆ బూడిదరంగు పిల్లి పొద్దున్న నా గుమ్మంలో ఉంటే, మధ్యాహ్నానికి ఆవిడ ఒళ్ళో ఉండేది.

ఆ ఏడు తొలివానకి కాఫీ పూసింది. కొండంతా తెల్లగా, మల్లెల్లాంటి వాసన. ఆదివారం పొద్దున్న అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చున్నాను. నేనెక్కడున్నానో నాకే తెలియనంత హాయి. అంతలో ముక్కుకి ఘాటుగా నీలగిరి నూనె తగిలింది. కళ్ళు తెరిస్తే ఎదురుగా పిల్లి, ఒళ్ళంతా జిడ్డుగా. నీళ్ళ అడుగున నడుస్తున్నట్టు మెల్లగా అడుగులేసి, పక్కకి ఒరిగిపోయింది. నోట్లోంచి చొంగ కారుతోంది.

వెనకే అప్ప పరిగెత్తుకొచ్చింది.

"పేలు పట్టేసినాయని రాసినానమ్మా! జలుబు సేస్తే మాయమ్మ నాకిదే రాసీది. సెట్టు మందే కదా, ఏటవుద్దిలే అనుకున్నాను. ఒళ్ళంతా నాకేసుకుంది."

పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను.

"ఇంక నాకనివ్వకండి. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బుతో కడిగి, తుడిచి, వెచ్చగా చుట్టి తీసుకురండి. కక్కించొద్దు" అన్నాడాయన.

కడిగి, అప్ప శాలువాలో చుట్టి ఆటో ఎక్కాం. మంచు విడలేదు. రోడ్డు పక్క చెట్లు ఒక్కొక్కటే తేలి వచ్చి మళ్ళీ కరిగిపోతున్నాయి. అప్ప వంగి పిల్లి చెవిలో తన కొండభాషలో ఏదో చెబుతూనే ఉంది. నాకొక్క మాటా తెలియలేదు.

డాక్టరు సెలైన్ పెట్టాడు.

"మన ఒంటికి పడే నూనె పిల్లి లివరు అరిగించుకోలేదమ్మా. చెట్టు నుంచి వచ్చినదైనా అంతే" అన్నాడు.

"మరి దీనికి నేనేటి సెయ్యగలను?" అంది అప్ప, ఏడుపు ఆపుకుంటూ.

"పట్టుకుని కూర్చో. వెచ్చగా ఉండాలి."

సాయంత్రం దాకా అలాగే కూర్చుంది. పొద్దు వాలుతుండగా పిల్లి తలెత్తి, ఆవిడ బొటనవేలు మెల్లగా కొరికింది. అప్ప పకపకా నవ్వింది, కళ్ళనీళ్ళు తుడుచుకోకుండానే.

ఆ తర్వాత సంతలో సన్న పళ్ళ దువ్వెన కొంది. ఎండ కాసినప్పుడల్లా పిల్లిని దువ్వుతూ కూర్చునేది. తన జలుబుకి, మోకాళ్ళకి ఆకులూ నూనెలూ మానలేదు. పిల్లికి మాత్రం ఎవరు ఏ పసరు చెప్పినా, "ఉండు, ముందు డాట్రుబాబుని అడుగుతాను" అనేది.