శనివారం కొన్న మేకులు

మా చిన్నప్పుడు శనివారం నాడు ఇనుము మా గడప దాటేది కాదు... సూదయినా సరే. అది మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పెట్టిన కట్టుబాటు.

నాయనకు మిల్లులో పని. ఆదివారం ఒక్కటే సెలవు. ఆ రోజు పంచె ఎగ్గట్టి కాటన్‌పేటలోని మా పెరట్లో కూర్చున్నాడంటే ఏదో ఒకటి బాగుపడాల్సిందే... ఊగే పీట, మూత ఊడిన పెట్టె, కిర్రుమనే తలుపు. వడ్రంగిని పిలవడమన్నది మా ఇంట్లో లేదు. అమ్మ పట్టుకునేది, నేను అందించేదాన్ని.

యుద్ధం రోజులవి. ఆ ఏడు వానల్లో అవ్వ బచ్చలిలో జారిపడింది. నీళ్ళు పోసుకునే చోటుని మేము బచ్చలి అంటాం. మా బచ్చలి అంటే ఒక నున్నటి బండ, చుట్టూ చాటుకి పాత చీర... అంతే. తుంటికి దెబ్బ తగిలి అవ్వ చాలా రోజులు మంచం దిగలేదు. హిందూపురం నుంచి చిన్నాయన కబురు పంపాడు. వాళ్ళమ్మకు ఇంక అక్కడ కుదరదు, దీపావళి కాగానే వచ్చి పిలుచుకొని పోతానని.

నేను అవ్వ పక్కలో పడుకుని పెరిగినదాన్ని. ఆ కబురు వచ్చినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు.

నాయన ఆదివారం రాగానే ఒక తాడు పట్టుకుని పెరడంతా కొలిచాడు.

"గోడ కట్టే శక్తి మనకు లేదు. రేకుల గది కడతా. మా అమ్మ పట్టుకోను ఒక కట్టె కూడా పెడతా" అన్నాడు.

రేకులు మాత్రం ఎక్కడివి... కిరసనాయిలు డబ్బాల అడుగు కోసి, విప్పి, సుత్తితో సాపు చేశాం. మూలలకు సర్వి కట్టెలు పాతి, సరుకులొచ్చే చెక్కపెట్టెలు విప్పి పలకలు తీశాం. కింద గరుకు రాళ్ళు పరిచాం. పట్టుకోవడానికి పాత పార కట్టె. దాన్ని అమ్మ గాజుపెంకుతో గీకి గీకి నున్నగా చేసింది.

మేకులే లేవు. ఆ రోజుల్లో అంగట్లో మేకులు కనబడడమే అపురూపం. ఒక శనివారం మిల్లు వదిలి వస్తుంటే నాయనకు కనబడ్డాయి. మర్నాడు అంగడి మూత, సోమవారం దాకా ఉంటాయో ఉండవోనని కొనేశాడు. ఇంట్లోకి మాత్రం తేలేదు. పొట్లాన్ని రాత్రంతా వీధిగోడ మీద మల్లెతీగ సందులో దాచి, ఆదివారం పొద్దున లోపలికి తెచ్చాడు. సాయంత్రానికి గది లేచి నిలబడింది.

అవ్వ మెల్లగా నడిచొచ్చి కట్టె పట్టుకుని చూసింది. ముఖం విప్పారింది... అంతలో తళతళలాడే మేకులు కంటబడ్డాయి.

"ఇవి యెప్పుడు కొంటివి రంగప్పా?"

అవ్వ దగ్గర అబద్ధమాడడం నాయనకు చేతకాదు. "నిన్న. కానీ గడప దాటలేదమ్మా. రాత్రంతా బయటే ఉండినాయి."

"గడప దాటకుంటే యేమప్పా, నీ చేతికి వచ్చిండాయి కదా. శనీశ్వరునికి నీ గడప యేడుందో, నీ మల్లెచెట్టు యేడుందో తెలీదా?"

అమ్మ నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది. అవ్వ ఆ గదిలో కాలు పెట్టలేదు. అమ్మ రెక్క పట్టుకుని మళ్ళీ ఆ జారే బండ మీదికే వెళ్ళింది. దీపావళేమో దగ్గరపడుతోంది.

మళ్ళీ ఆదివారం నాయన కూర్చుని ఒక్కొక్క మేకే పీకాడు. రేకులన్నీ దించాడు. చెక్కపెట్టెల నుంచి ఊడిన పాత మేకులు తుప్పుపట్టి, వంకరలు పోయి ఒక కొబ్బరిచిప్పలో పడి ఉన్నాయి. వాటిని రాతి మీద పెట్టి సాపు చేయడం నాకూ అమ్మకూ పని. నా వేళ్ళు నలిగాయి.

"అత్తా, ఇవి మాత్రం యే వారం కొన్నివో యెవరికి తెలుసు?" అంది అమ్మ తల ఎత్తకుండా.

"తెలీనిది దోషం కాదు పోవే" అంది అవ్వ. కాసేపు నన్నే చూసి, "అట్ల బాదితే విరిగిపోతాది పాపా. వంపు పైకి పెట్టుకో, మెల్లగా తట్టు" అంటూ పీట లాక్కొని పక్కన కూర్చుంది.

చప్పుడు విని పక్కింటావిడ గోడ మీంచి అడిగింది, "యేం చేస్తావుండారు?" అని.

"శనికి వంకర తీస్తావుండాం" అంది అవ్వ.

చిన్నాయన వచ్చిన పొద్దున అవ్వ పాత మేకులతో మళ్ళీ కట్టిన రేకుల గదిలోనే ఉంది. ఆయన బయట నిలబడి, "అమ్మా, మూట కట్టుకుంటివా? రైలుకు పొద్దయితాది" అన్నాడు.

లోపల చెంబు చప్పుడు ఆగింది. "నీళ్ళు బాగా కాగిండాయి. నేనేడికీ రాను. పోయి కాఫీ తాగుపో."

చిన్నాయన ఒక్కడే వెళ్ళాడు. ఆ రోజు నేను అడిగి మరీ అన్నం మళ్ళీ పెట్టించుకున్నాను.

నా పెళ్ళికి తలంటు పోసింది ఆ గదిలోనే... అవ్వే. నేను అత్తగారింటికి వచ్చిన కొన్నాళ్ళకు అవ్వ పోయింది. నాయన ఆ ఇల్లు ఖాళీ చేశాడు.

ఇప్పుడు మేముండేది వఠారంలో. అన్ని ఇళ్ళకూ కలిపి ఒకటే నీళ్ళ గది. గడియ ఊడినా ఇల్లుగలవారు మనిషిని పంపేదాకా చూస్తూ ఉండాలి. మా ఆయన మంచివారు, ఆదివారం లాల్‌బాగ్‌కు పోదామంటారు. నేను సరేనని తల ఊపుతాను... నా చేతులు మాత్రం ఊరుకోవు, ఏదో పట్టుకోవాలని, ఏదో అందించాలని ఉంటుంది.

మొన్న మా పాత వీధిలో పోతూ గోడ మీంచి తొంగిచూశాను. కొత్తగా వచ్చినవాళ్ళు రేకులు పీకించి ఇటుకల గది కట్టించారు. సిమెంటు పూత, రంగు... గట్టిగా, అందంగా ఉంది. ఎవరో కూలికి వచ్చి కట్టి వెళ్ళిపోయారు. అది ఎవరి కోసం కట్టారో దాన్ని చూస్తే తెలియదు.

మీ ఇంట్లో మీవాళ్ళు మీ కోసం చేతులు నలగ్గొట్టుకుని చేసినది ఏదైనా మిగిలి ఉందా అక్కయ్యలూ... ఉంటే దాని సంగతి ఈ పత్రికకే రాయండి, చదువుకుంటాను.