మోకాలెత్తు కొండ గంజాయి

1954లో నన్ను పత్రికవారు కర్నూలు విలేకరిగా వేశారు. ఆ యేడు భాద్రపదంలో, డోన్‌ దగ్గరి పల్లెలో గంజాయి సాగు బయటపడిందని విని, విచారణకు వెళ్తున్న ఆబ్కారీ సబ్ ఇన్‌స్పెక్టరు వెంట నేనూ వెళ్లాను. ఆయనది బద్వేలు. యుద్ధకాలంలో సైన్యంలో చేరి, కొన్నేళ్లు హిమాలయాల వైపు కొండల్లో ఉండి వచ్చాడు.

మొక్కలు మద్దిలేటి అనే రైతు కొర్రచేను గట్టున గుంపుగా ఉన్నాయి. లైసెన్సు లేకుండా విత్తినట్టు తేలితే ఆయన జైలుకు పోవాలి. చేను కోతకొచ్చింది, ఇంట్లో మరో మగదిక్కు లేదు. వాటంతటవే మొలిచినవైతే పీకి తగలబెట్టి, ఊరి పెద్దల ఎదుట పంచనామా రాసి వదిలేస్తారు.

‘‘నేను ఇత్తలేదు సామీ. పోయినేడు మంత్రాలయం పోయే ఉత్తరాది బైరాగులు ఈడ దిగినారు. వాళ్లు దులిపిన గింజలే మొలిచినాయి. అవి రాలి ఈ తొలకరికి మళ్లా లేచినాయి’’ అన్నాడు మద్దిలేటి.

గ్రామ మునసబు నవ్వాడు. ‘‘తొలకరిదంటాండావు, మోకాలు గూడా దాటలేదే. నీ అబద్ధమే దీనికన్నా ఎత్తుగా ఉండాది కదప్పా.’’

ఆ మాట కొట్టేయదగింది కాదు. మా వైపు గంజాయి తొలకరికి మొలిస్తే భాద్రపదానికి మనిషెత్తు దాటుతుంది, చలికాలానికి గాని గింజ కట్టదు. మోకాలెత్తు మొక్కంటే మొన్నమొన్న చేత్తో విత్తిందనే ఎవరైనా అనుకుంటారు.

సబ్ ఇన్‌స్పెక్టరు గొంతుక్కూర్చుని ఒక కంకిని అరచేతిలో నలిపాడు. ముదురు గింజలు రాలాయి. ఆకు కూడా మన గంజాయి ఆకులా సన్నం కాదు, వెడల్పు. పక్కనే పోతు మొక్కలు పుప్పొడి రాల్చి ఎండి నిలబడి ఉన్నాయి.

‘‘ఇది నేను ఉత్తరాన చూసిన కొండ జాతప్పా. ఆడ చలి బెరీన పడతాది, ఆలోపల పూసి గింజ కట్టుకోవాల, అందుకే ఎత్తు పెరగదు. ఈడ చలి లేకపోయినా దానికి ఆ తొందర పోలేదు. ఇంకోటి, గంజాయి అమ్మేవాడు పోతు మొక్కల్ని ముందే పీకుతాడు. గింజ పడితే సరుకు చెడుతాది. ఈడ ఒక్కటీ పీకలేదు’’ అన్నాడు.

మునసబు కూడా ఒక కంకి నలిపి చూశాడు. ఊరు మారినా చెట్టు పంచాంగం మార్చుకోలేదన్నమాట అని ఒప్పుకుని, పంచనామాలో సంతకం చేశాడు. మొక్కలు అక్కడే కాల్చారు. మద్దిలేటి కొడవలి తీసుకుని కొర్రలోకి దిగాడు.

ఆ తరువాత గంజాయి కేసు ఏది వచ్చినా, మొక్క ఎత్తు రాసుకునే ముందు గింజ ఏ సీమదో, పోతు మొక్కల్ని పీకారో లేదో అడిగేవాణ్ణి. ఎత్తును బట్టి మొక్క వయసు చెప్పాలంటే దాని పుట్టిల్లు తెలిసి ఉండాలి.