నా పేరు నాకన్నా ముందే మా అమ్మకు తెలిసింది

దయ్యాలనీ, గాలులనీ ఎవరైనా మొదలుపెడితే నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే చిన్నప్పుడు మా ఊళ్ళో నాకే దయ్యం పట్టిందన్నారు. అమ్మ గాజులు తొడుక్కుని దొరికిపోయిన రోజున, నాలో ఏదో ఆడగాలి చేరిందని భూతవైద్యుణ్ణి పిలిచారు. మిరపకాయల పొగ పెట్టించి, వేపమండలతో వీపు చిట్లేలా కొట్టించారు. నా కాళ్ళు కదలకుండా పట్టుకున్నది మా అమ్మే. నా లోపల నేను తప్ప ఇంకెవరూ లేరని ఆ వయసులోనే నాకు తెలుసు. కాబట్టి దయ్యాల సంగతి నా దగ్గర ఎత్తవద్దంటాను.

అయినా ఈ ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి.

మాది మర్రిగూడ వైపు చిన్న పల్లె. గొర్లు కాసే ఇల్లు. అక్కడి నీళ్ళు తాగితే పిల్లల పళ్ళకు పచ్చని మరకలు పడతాయి, పెద్దల నడుములు వంగిపోతాయి. మా అమ్మ ముసలిది కాకముందే వంగిపోయింది. నా పళ్ళ మరకలు ఈనాటికీ పోలేదు. ఇంట్లో నేను ఒక్కగానొక్క కొడుకునని అందరూ అనుకున్నారు. మా వైపు కొడుకును 'కొడుకా' అంటారు, ఆడపిల్లను 'బిడ్డా' అంటారు. మా అమ్మ నన్ను ఒక్కసారి 'బిడ్డా' అనాలి, నా కోరికల్లా అదే. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి.

నందికొండ దగ్గర కృష్ణ మీద డ్యాం కడుతున్న రోజులవి. ఊరు వదిలి అక్కడ తట్టలు మోసేదాన్ని, మగవాళ్ళ గుంపులో మగవేషంలో. కూలీల గుడిసెల దగ్గరికి అడుక్కోవడానికి, మగపిల్లాడిగా పుట్టి చీర కట్టిన నాలాంటి ఒకామె వచ్చేది. పాలమూరులో తమ ఇల్లుందని ఆమె చెప్పింది. అలా ఆ ఇంటి పెద్ద గురువమ్మ దగ్గరికి చేరాను.

కాళ్ళ మీద పడితే అక్కున చేర్చుకుంటుందనుకున్నాను. ఆమె ఆకు నములుతూ, నా గడ్డం పట్టుకుని, సంతలో మేకను చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"గొంతు గిట్లనే ఉంటది. గడ్డం మల్ల మల్ల మొలుస్తది, చిమ్టతోని పీక్కోవాలె. కడుపు పండదు. ముసలిదానివైతే నీళ్లిచ్చేటోళ్లుండరు. ఇవన్ని తెల్సుకొని వచ్చినవా, చీర మీది మోజుతోని వచ్చినవా?"

తెలిసే వచ్చానన్నాను. ఆమె నమ్మలేదు. ముందు ఏడాది పాటు చీర కట్టుకుని లోకంలో బతికి చూపించమంది. పట్టపగలు సంతకు పంపేది. రాళ్ళు పడేవి. రాళ్ళే నయం, మగవాళ్ళ చేతులు పడేవి. ఏడ్చుకుంటూ ఇంటికి వస్తే ఆ పూట అన్నం పెట్టేది కాదు. "గీ మాత్రానికే ఏడిస్తే రేపేం జేస్తవ్?" అనేది. ఆమెను చంపాలన్నంత కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆమె చెప్పినవాటిలో ఒక్కటీ అబద్ధం కాలేదు.

ఏడాది గడిచాక పిలిచి కూర్చోబెట్టింది.

"మీ ఇంట్ల పొట్టేళ్లకు విత్తులు కొడ్తరు గద. అన్ని బతుకుతయా?"

"ఒకటీ అరా పోతయి."

"ఆ ఒకటి నువ్వు గావచ్చు. పోయి ఇంట్ల చెప్పి రా. చెప్పకుంట ఈ పనికి కూసునేది లేదు."

నాకు ముందు ఆ ఇంట్లో ఒకామె అలాగే పోయిందని విన్నాను. ఆమె పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. నేనూ అడగలేదు.

మళ్ళీ ధోతి కట్టుకుని, గొంగడి కప్పుకుని ఊరికి పోయాను. అమ్మ నీళ్ళకు పోయింది. బాపు దొడ్లో గొర్రె బొచ్చు కత్తిరిస్తున్నాడు. అంతా చెప్పాను. ఆయన చేతిలో కత్తెర ఒక్క క్షణం కూడా ఆగలేదు.

"నాలుగొద్దులాగి డ్యాం కాడ బండ మీద వడి సచ్చిండని చెప్త. ఊరికి గంతే, మీ అమ్మకు సుత గంతే. ఆ గొంగడి ఆడ పెట్టి పో."

అమ్మ వచ్చేలోపు వెళ్ళిపొమ్మన్నాడు. గొంగడి ఎందుకు అడిగాడో అప్పుడు నాకు అర్థం కాలేదు. శవం లేదు కాబట్టి నా బదులు దాన్ని పూడ్చిపెట్టారని తరువాత తెలిసింది.

పాలమూరులో ఆ పని జరిగింది. ఎలా జరిగిందో రాయను. మత్తు లేదు, దవాఖాన లేదు. జ్వరంలో కళ్ళు మూతలు పడితే గురువమ్మ చెంపలు వాయించి లేపేది. నిద్రపోతే ఇక లేవనని ఆమె భయం. గోడ అవతల పీర్ల పండుగ డప్పులు మోగుతుండేవి. పీర్లు నిప్పులు తొక్కిన మర్నాడు, పొద్దుగూకే వేళకు జ్వరం దిగింది. అప్పుడు గురువమ్మ నా నుదుట పసుపు పెట్టి, చెవిలో నా పేరు చెప్పింది. చంద్రకళ.

"పోయినదాని పేరు. ఉత్తగ పోనియ్యద్దని నీకు పెడుతున్న," అంది.

గొర్లు కాసే మా ఇళ్ళల్లో అలాంటి పేరు కల్లో కూడా ఎవరూ పెట్టరు.

నడవగలిగే బలం రాగానే ఊరికి బయలుదేరాను. గురువమ్మ వద్దంటే వద్దంది. నేను వినలేదు. ఇంత నరకం పడ్డాక ఒక్క పిలుపు కూడా దక్కకపోతే ఎలా అనిపించింది.

బాపు గొర్ల వెంట పోయే వేళ చూసుకుని వెళ్ళాను. అమ్మ వాకిట్లో జొన్నలు చెరుగుతోంది. వంగిన మెడను కష్టం మీద ఎత్తి నా చీర చూసింది, మొహం చూసింది. "అమ్మా" అన్నాను. గొంతు మారలేదు కదా, గుర్తుపడుతుందనుకున్నాను. "కూసో" అని ముంతలో చల్ల తెచ్చిచ్చింది. నేనేమీ అడగకముందే తనే మొదలుపెట్టింది.

"నా కొడుకు డ్యాం కాడ సచ్చిండు. మూడొద్దులకు పిట్టకు పెట్టినం."

పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి, ఆకులో పెట్టి, కాకి ముట్టేదాకా చూడటం మా దగ్గర ఆచారం. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు ఏదో కోరిక మిగిలిందని, తీరుస్తామని మొక్కుకుంటారు. నా కోసం అమ్మ జొన్నగటక, ఎండుచేపల పులుసు వండిందట. కాకులు గోడ మీద కూర్చున్నాయి కానీ దిగలేదట. బాపు మొక్కాడు, కులపెద్దలు మొక్కారు. ఒక్కటీ దిగలేదు. బతికున్నదానికి పిండం పెడితే కాకి ఎందుకు ముడుతుందని నాకు లోపల నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"గప్పుడు నా పక్కన ఒక ఆడామె వచ్చి నిలవడ్డది," అంది అమ్మ. "ఇంకెవలకు కనవడలే. ఆకలైతుంది అమ్మా అన్నది. పేరేంది బిడ్డా అంటే, చంద్రకళ అన్నది."

చల్ల ముంత కింద పెట్టేశాను.

"నా కొడుకు లోపల ఒక ఆడపిల్ల ఉంటుండె. బతికున్నప్పుడు నేనే కాళ్లు పట్టుకొని కొట్టిచ్చిన. సచ్చినంక బయటికొచ్చి నన్నే అన్నం అడిగింది. చంద్రకళా, తిను బిడ్డా అన్న. కాకి దిగి ముట్టింది."

కొడుకు పిండం ముందు ఆడపేరు పలికినందుకు బాపు అందరూ చూస్తుండగానే ఆమెను కట్టెతో కొట్టాడు. చెయ్యి చాపి చూపించింది. ఎముక వంకరగా అతుక్కుంది.

ఇదంతా ఏ రోజున జరిగిందని అడిగాను. పీర్లు నిప్పులు తొక్కిన మర్నాడు, పగటి పూట అంది. నా చెవిలో ఆ పేరు పడింది అదే రోజు పొద్దుగూకాక.

ఆ ఆడామె ఎట్లా ఉందని అడిగాను. ఎడమ కనుబొమ్మ మధ్యలో తెగి ఉందట. ఆకుపచ్చ గాజులు ఒక్క చేతికే ఉన్నాయట.

ఇక ఆగలేక ఆమె కాళ్ళు పట్టుకున్నాను. "అమ్మా, నేను సావలే. చంద్రకళను నేనే. నీ బిడ్డను నేనే," అన్నాను.

అమ్మ నా పళ్ళ మరకల వంక చూసింది.

"పండ్లు మా ఊరియే. గని నా బిడ్డకు కనుబొమ్మ తెగి ఉంటది. నువ్వెవలో. మా ఇంటాయన వచ్చే యాళ్లయింది, పో."

నా ఒడిలో ఇన్ని జొన్నలు పోసింది, అడుక్కునే మావాళ్ళకు అందరూ పోసినట్టే.

పాలమూరు తిరిగి వచ్చి గురువమ్మకు చెప్పాను. కనుబొమ్మ మాట వినగానే ఆకుకు సున్నం రాస్తున్న వేలు ఆగిపోయింది.

"బావి కాడ జారిపడితె తెగింది ఆ పోయినదానికి. రెండో చేతి గాజులు ఆ పనినాడు నొప్పికి మంచం పట్టెకు కొట్టుకొని పలగ్గొట్టుకున్నది. గట్లనే బొందపెట్టినం."

"పిట్టకు పెట్టినరా?"

"మనకు ఎవలు పెడ్తరే?" అని ఆమె మొహం తిప్పుకుంది.

ఆ ఇంటి నుంచి మా ఊరికి నేను తప్ప ఎవరూ పోలేదు. నాకే తెలియని గుర్తులు మా అమ్మకు చెప్పినవాళ్ళెవరు? అమ్మ నన్ను గుర్తుపట్టిందని, బాపుకు భయపడే వెళ్ళగొట్టిందని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. అలా అనుకున్నా ఆ కనుబొమ్మకు, ఆ గాజులకు జవాబు దొరకదు. తరువాత మా ఊరి వైపు మనిషి ఒకతను సంతలో కలిసి చెప్పాడు, మా అమ్మ చనిపోయేదాకా ప్రతి అమాసకు గోడ మీద అన్నం పెట్టి, చంద్రకళా అని పిలిచేదట.

దయ్యాలు లేవనే ఇప్పటికీ అంటాను. ఇది ఏమిటో మాత్రం చెప్పలేను. ఎవరూ పిడికెడు మెతుకులు పెట్టని ఒక ఆడపిల్లను మా అమ్మ బిడ్డా అని పిలిచి అన్నం పెట్టింది. అప్పుడు నేను బతికే ఉన్నాను.