కోపంగానే ఇచ్చిన పట్టుచీర

నా చిన్నప్పుడు మా అమ్మంత విసుక్కుంటూ మంచిపనులు చేసే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. చర్చిలో అందరూ ఓర్పు, క్షమ, ప్రేమ అంటూ మెత్తగా మాట్లాడేవాళ్ళు. అమ్మ మాత్రం గిన్నెలు దడదడలాడిస్తూ, గొణుక్కుంటూ ప్రేమించేది.

ఎనభైల చివర్లో మేం ఫిల్మ్ నగర్ బస్తీలో ఉండేవాళ్ళం. అమ్మ జూనియర్ ఆర్టిస్టు. సినిమా పెళ్ళిళ్ళలో బంధువుల గుంపులో కూర్చోవడం ఆవిడ పని. పట్టుచీర ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి, కంపెనీ ఇవ్వదు. అందుకని అమ్మకున్న ఒకే ఒక్క అరిటాకు పచ్చ పట్టుచీర మా ఇంట్లో నాకంటే గారాబంగా పెరిగింది. కట్టిన మర్నాడు నీడన ఆరేసి, పాత పంచెలో చుట్టి పెట్టెలో దాచేది. క్రిస్మస్‌కు చర్చికి కట్టుకునేదీ అదే.

పక్కింటి అత్తదీ అదే పని. ఒక ఏడాది నవంబరులో, మమ్మల్ని షూటింగుకు తీసుకెళ్ళే ఏజెంటు వ్యాను వచ్చినప్పుడు అమ్మ నీళ్ళ ట్యాంకరు దగ్గర ఉంది. "అక్కకు జరమొచ్చింది" అని చెప్పి, అమ్మ బదులు తన చెల్లెల్ని ఎక్కించేసింది అత్త. పదిహేను రోజుల పని పోయింది. ఆ నెలంతా చారూ మెతుకులే తిన్నాం. ఇక అమ్మ ఆవిడతో మాట్లాడలేదు. నేనూ మూతి తిప్పుకునే తిరిగాను.

క్రిస్మస్ మూడు రోజులుందనగా ఆవిడే వచ్చి మా గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఇస్త్రీ చేస్తుంటే నా పట్టుచీరె కాలిపోయింది. రేపు పొద్దుగాల పెండ్లి సీనుంది. చీరె లేకుంటే ఏజెంటు ఇగ నన్ను పిలవడు. జర నీది ఇయ్యవా?"

ఎంత ధైర్యమో చూడండి! అమ్మ విసవిసా లోపలికి వచ్చేసింది. "పొరుగువాళ్ళను ప్రేమించమన్నాయన ఈవిడ పక్కింట్లో కాపురమేమన్నా చేశాడా?" అని పొయ్యితో చెప్పుకుంది. "ఒళ్ళు మండిపోతోందే నాకు" అని నాతో అంది. అంటూనే పెట్టె తీసి, చీర తీసుకెళ్ళి ఆవిడ చేతిలో పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

ఒక్కరోజుకే అన్న చీర మర్నాడు సాయంత్రం తిరిగి రాలేదు. అత్తను ముందు వరసలో కూర్చోబెట్టారట, సీను పూర్తి కాలేదట. మొదటిరోజు ముందు వరసలో ఎవరు ఏ చీరతో కూర్చున్నారో, సీను అయ్యేదాకా ఆ మనిషి ఆ చీరతోనే అక్కడ కూర్చోవాలి. రెండోరోజు హీరోగారు రాలేదు, షూటింగ్ ఇంకో రోజు సాగింది. ఏళ్ళ తరబడి అదే పని చేస్తున్న అమ్మకు ఇలా జరుగుతుందని తెలియదా? తెలుసు. కోపంలో ఆ సంగతే మర్చిపోయి ఇచ్చేసింది. "నీకు బుద్ధి లేదమ్మా" అని కూడా అన్నాను.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం అత్త చీర మడతపెట్టి తెచ్చింది.

"రేపు గూడ షూటింగున్నది. కానీ మీకు పండుగ గదక్కా. నేను పోను. నువ్వే కట్టుకో" అంది. చూపు మాత్రం చీర మీదే ఉంది. ముందు వరసలో మనిషి రాకపోతే ఏజెంటు ఏం చేస్తాడో మా ముగ్గురికీ తెలుసు.

నేను గబుక్కున చీర అందుకున్నాను. అమ్మ దాన్ని నా చేతుల్లోంచి లాక్కుని మళ్ళీ ఆవిడ చేతుల్లో కుక్కింది. "పోవమ్మా పో! ఇంట్లో కూర్చుని నీ పని పోగొట్టుకుంటే రేపు నాకు ప్రార్థన మీద మనసు నిలుస్తుందా? నా ప్రాణానికి దొరికావు" అంది. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయింది.

పండగనాడు అమ్మ వెలిసిపోయిన నేతచీర కట్టుకుని చర్చికి బయల్దేరింది. దారంతా గొణుగుడే. కొత్తబట్టల్లో అందరూ మమ్మల్ని దాటిపోతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. ఉండబట్టలేక అడిగేశాను, ఇంత కోపంగా ఇస్తే దేవుడు మెచ్చుకుంటాడా అని. అమ్మ నడక ఆపలేదు.

"కోపం తగ్గాక ఇద్దామంటే ఆలోపు షూటింగ్ అయిపోతుందే, పిచ్చిమొహమా!"

అప్పుడు ఆ జవాబు నాకు ఏమాత్రం నచ్చలేదు. పెద్దయ్యాక ఒకసారి మా తోడికోడలితో మాటామాటా వచ్చింది. తప్పు ఆవిడదే, ఇప్పటికీ అదే అంటాను. ఆస్పత్రిలో పడి ఉండి, నన్ను చూడాలని ఆవిడ కబురు పెట్టింది. కోపం చల్లారాక వెళ్దాంలే అనుకున్నాను. చల్లారింది. నేను వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది.

అప్పటినుంచీ ఎవరు పిలిచినా విసుక్కుంటూనే, తిట్టుకుంటూనే చెప్పుల్లో కాళ్ళు పెడతాను. అచ్చం అమ్మమ్మ నోరే వచ్చిందని మా పిల్లలు నవ్వుతారు. నవ్వుకోనీ. ముందు వెళ్ళొస్తాను, కోపం సంగతి తర్వాత చూసుకుంటాను.