కోర్టు లేచేదాకా

మొన్న మాచర్లలో మా మేనల్లుడి ఇంట్లో మాంసం పోగులు వేస్తుంటే తడి మోదుగాకుల పచ్చివాసన గుప్పున తగిలింది. నాకు నవ్వాగలేదు. "ఏంది మావయ్యా, నీలో నువ్వే నవ్వుకుంటన్నావు?" అన్నాడు వాడు. ఆ వాసనతో నలభైల నాటి నరసరావుపేట కోర్టు, మా సీనియర్ వకీలు రామకోటయ్య గారు, ఒక దుప్పి కేసు కళ్ళముందుకొచ్చేశాయి మరి.

అప్పుడు నేను ఆయన దగ్గర కొత్త జూనియర్ని. ఆయన మనిషి బక్కపలచన, గొంతు మాత్రం వీధి చివరికి వినబడేది. కోపమొస్తే కాగితాలు విసిరేసేవారు, కాసేపాగి ఆయనే ఏరుకునేవారు. నాకాయనంటే భయం, భయాన్ని మించిన ఇష్టం.

ఒకరోజు బొల్లాపల్లి వైపు నుంచి యేసోబు అనే కూలిరైతు వచ్చాడు. రిజర్వు అడవిలో ఉచ్చు వేసి దుప్పిని చంపాడని కేసు. వాళ్ళ ఊళ్ళో వేటమాంసం కోసేటప్పుడు ఎవరొచ్చినా వాళ్ళకో పోగు వేయాల్సిందే. కడుపుతో ఉన్న మనిషికైతే రెండు, లోపలి బిడ్డకూ వాటా ఉంటుంది. సరిగ్గా కోస్తుండగా ఫారెస్టు గార్డు వచ్చాడు. మిగతావాళ్ళు తుప్పల్లోకి పరుగెత్తారు. యేసోబు మాత్రం ఇంకో ఆకు పరిచి, "రా అన్నా, ఏళకొచ్చావు" అని గార్డుకూ పోగు వేశాడు. గార్డు ఆ పోగుతో సహా కేసు రాశాడు.

"పారిపోకుండా పోగెందుకేశావయ్యా?" అన్నాను.

"మడిసొచ్చాక ఎయ్యకపోతే ఎట్టా బాబూ?" అన్నాడు. తర్వాత కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. భార్యకు నెలలు నిండాయి. జొన్న కోతకొచ్చింది. తను జైలుకు పోతే చేను కోయడానికీ, మంత్రసానిని పిలవడానికీ ఇంట్లో ఇంకెవరూ లేరు.

ఉచ్చు వేస్తుండగా చూసినవాళ్ళు లేరనీ, అది మేకమాంసమే కావచ్చనీ నేను బ్రహ్మాండమైన వాదన తయారుచేసి రామకోటయ్య గారికి వినిపించాను.

"చానా బాగుందిరా. గార్డు కనపడగానే యేసోబు 'బాగున్నావా అన్నా, కూర కుదిరిందా' అంటాడు. అప్పుడేం చేస్తావు?" అని పగలబడి నవ్వారు. నవ్వు తగ్గాక, "తప్పు ఒప్పుకుందాం. దయ చూపమని అడుగుదాం. అడగటానికి మనకి సిగ్గేంది?" అన్నారు.

కోర్టులో అలాగే అడిగారు. "అయ్యా, రెండో పోగు తినాల్సిన మనిషి ఇంకా పుట్టలేదు. తండ్రిని జైల్లో పెడితే ఆ పసిగుడ్డుకూ శిక్షే" అన్నారు.

మేజిస్ట్రేటు గార్డు వైపు తిరిగి, "నీకు నిజంగా పోగు వేశాడా?" అనడిగారు.

గార్డు తల దించుకుని, "ఏశాడయ్యా. మంచి ముక్కలే ఏశాడు" అన్నాడు.

కోర్టంతా గొల్లున నవ్వింది. మేజిస్ట్రేటు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. గొంతు సవరించుకుని, నేరం రుజువైందనీ, కోర్టు లేచేదాకా ఖైదనీ తీర్పు చెప్పారు. ఖైదు అన్న మాట వినగానే యేసోబు బోనులో కూలబడ్డాడు. మేజిస్ట్రేటు మిగతా కేసులు మధ్యాహ్నానికి వాయిదా వేసి, కళ్ళజోడు తీసుకుని, కుర్చీలోంచి లేచారు.

"అయ్యగారు లేచారు, కోర్టు లేచినట్టే. శిక్ష అయిపోయిందిరా, ఇంటికి పో!" అని రామకోటయ్య గారు అరిచారు. యేసోబు నమ్మలేదు. బంట్రోతును రెండుసార్లు అడిగి, కండువా అక్కడే మరిచిపోయి పరుగు తీశాడు. జొన్నకోత మధ్యలో ఆడపిల్ల పుట్టిందని తర్వాత కబురొచ్చింది. రామకోటయ్య గారు కోర్టు మెట్ల మీద నిలబడి అందరికీ బెల్లం పంచారు.

కొన్నేళ్ళకు నేనూ మేజిస్ట్రేటునయ్యాను. తీర్పు చెప్పేముందు కలం పక్కన పెట్టి, ముద్దాయిని "ఇంట్లో ఎవరెవరున్నారు?" అని అడిగేవాణ్ణి. గుమాస్తాలు విసుక్కునేవారు. ఒక్కోరోజు ఆ జవాబు విన్నాక, పొద్దు నడినెత్తికి రాకముందే నేను కుర్చీలోంచి లేచేవాణ్ణి.